రంధ్రాలున్నా నీరు వీడని కుండీలు: మట్టి మిశ్రమం డ్రైనేజీపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

కుండీల్లో మొక్కలు పెంచేవారు నా దగ్గరికి ఎక్కువగా ఆకుల ఫోటోలతో వస్తారు, కానీ జబ్బు మూలం చాలాసార్లు వేళ్ల దగ్గర, అక్కడి మట్టిలో గాలి ఆడకపోవడంలో దొరుకుతుంది. ఈ కేసును ప్రత్యేకంగా రాయడానికి కారణం, ఇందులోని పెంపకందారు డ్రైనేజీని నిర్లక్ష్యం చేసినవారు కాకపోవడమే. కుండీకి రంధ్రాలు ఉండాలని, అడుగున గులకరాళ్లు పరచాలని, మట్టి బిగుసుకుంటే ఇసుక కలపాలని తాను విన్న ప్రతి సలహానూ ఆమె శ్రద్ధగా పాటించారు. అయినా మొక్కలు ఒకటొకటిగా పోయాయి. ఆ సలహాల్లో ఏది ఎక్కడ విఫలమైందో, ఎందుకు విఫలమైందో వివరించగలిగితే, అదే బాటలో ఉన్న మరికొందరికి పనికొస్తుందని నా నమ్మకం. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

అది మేడ మీది తోట. అక్కడ మూడు రకాల పాత్రలు ఉండేవి: 45 సెంటీమీటర్ల ఎత్తున్న డ్రమ్ముల్లో నిమ్మ మొక్కలు, 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కుండీల్లో మందారాలు, 15 సెంటీమీటర్ల లోతు మాత్రమే ఉన్న వెడల్పాటి ట్రేల్లో ఆకుకూరలు. అన్నింటిలోనూ ఒకే మిశ్రమం: రెండు పాళ్లు తోటమట్టి, రెండు పాళ్లు మెత్తటి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు బాగా చివికిన కంపోస్టు. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, నల్లగా, చూడముచ్చటగా ఉండే మట్టి అది. కలిపిన కొత్తలో అది గుల్లగానే ఉంటుంది కాబట్టి దాన్ని అనుమానించాల్సిన కారణం ఎవరికీ కనిపించదు.

సమస్య

మొదట ట్రేల్లోని ఆకుకూరలు మొలక దశలోనే చనిపోయాయి. తర్వాత మందారాల కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది, కొత్త చిగుళ్లు వేలెడు పొడవు కూడా ఎదగకుండా ఆగిపోయాయి. నిమ్మ మొక్కలు అన్నింటికంటే చివర నీరసించాయి. మట్టి మీద చిన్న నల్లటి ఈగలు తిరుగుతుండేవి, వేలితో కొద్దిగా తవ్వితే మురుగు వాసన వచ్చేది. ఆమెను ఎక్కువగా తికమక పెట్టింది మాత్రం ఎండ వేళ ఆకులు వాలిపోవడం. "పొద్దున నిండుగా పోసిన నీళ్లు మధ్యాహ్నానికే చాలడం లేదండీ" అన్నారు. మొక్క వాలిపోయినప్పుడల్లా దాహం అనుకుని మళ్లీ నీళ్లు పోసేవారు.

తడి మట్టిలో మొక్క వాలిపోవడానికి కారణం వేళ్లకు ఊపిరాడకపోవడం. వేరు నీటిని పీల్చుకోవాలంటే దానికి శక్తి కావాలి, ఆ శక్తికి ఆక్సిజన్ కావాలి. గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరు చుట్టూ ఉన్న కాస్త ఆక్సిజన్ త్వరగా ఖర్చవుతుంది, దాని స్థానంలోకి కొత్తది అందదు. అప్పుడు వేరు నీటి మధ్యలోనే ఉండి కూడా ఆకుకు నీరు పంపలేదు. పైకి మాత్రం అది దాహంలాగే కనిపిస్తుంది. అందుకే వాలిన మొక్కకు నీరు పోసే ముందు కుండీని ఎత్తి బరువు చూడమని, లేదా ఒక పుల్లను అడుగు దాకా గుచ్చి తీసి చూడమని నేను పట్టుబడతాను. పై రెండంగుళాలు పొడిగా ఉన్నంత మాత్రాన అడుగు పొడిగా ఉన్నట్లు కాదు.

అప్పటికే చేసి చూసినవి

నేను చూసేనాటికి ఆమె నాలుగు మార్గాలు ప్రయత్నించి ఉన్నారు. రంధ్రాలు పెంచారు, అడుగున అరచేతి వెడల్పంత మందాన గులకరాళ్లు పరచి వాటిపై మట్టి నింపారు, మిశ్రమంలో సన్నటి ఇసుక కలిపారు, చివరికి నీళ్లు తగ్గించారు. ఒక్కోదాని వెనుక ఉన్న ఆలోచన సహేతుకంగానే కనిపిస్తుంది, కానీ ఏదీ ఫలించలేదు. రంధ్రాలు మూసుకుపోయి ఉంటే వాటిని పెంచడం పనికొచ్చేది, ఇక్కడ అవి తెరిచే ఉన్నాయి. నీళ్లు తగ్గించినప్పుడు పైభాగం ఎండి, కోకోపీట్ ముడుచుకుని, కుండీ గోడకూ మట్టికీ మధ్య సన్నని సందు ఏర్పడింది. ఆ తర్వాత పోసిన నీరంతా ఆ సందులోంచి జారి నేరుగా రంధ్రాల్లోంచి బయటికి వచ్చేది. "పోసిన వెంటనే కింద కారిపోతున్నాయి, అంటే డ్రైనేజీ బాగున్నట్లే కదా" అని ఆమె అడగడంలో తప్పేమీ లేదు, కళ్ల ముందు జరుగుతున్నది అదే. అయితే నీరు ఎంత వేగంగా బయటికి వస్తుందన్నది ఒక విషయం, కారడం ఆగిపోయాక లోపల ఎంత నీరు మిగిలిందన్నది మరో విషయం. మొక్క బతుకు రెండోదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇసుక గురించి కొంత విడిగా చెప్పాలి. సన్నటి ఇసుక రేణువులు తోటమట్టి ఉండలు, కోకోపీట్ ముక్కల మధ్య ఉన్న కొద్దిపాటి ఖాళీల్లోకి దూరి వాటిని నింపేస్తాయి. మిశ్రమం బరువెక్కుతుంది, బిగుసుకుంటుంది, గాలి ఇంకా తగ్గుతుంది. ముతక ఇసుకైనా సరే, మిశ్రమంలో పెద్ద రేణువులు ఒకదానికొకటి ఆనుకునేంత మోతాదులో లేకపోతే ఫలితం ఇంతే.

నిర్ధారణ

ఈ కేసులో నాకు దారి చూపింది మొక్కలు చనిపోయిన వరుస. ముందు 15 సెంటీమీటర్ల ట్రేలు, తర్వాత 30 సెంటీమీటర్ల కుండీలు, చివర 45 సెంటీమీటర్ల డ్రమ్ములు. మట్టి ఒకటే, నీరు పోసే చేయి ఒకటే. వ్యాధి ఒక కుండీ నుంచి మరో కుండీకి పాకి ఉంటే పక్కపక్కన ఉన్న పాత్రలు ముందుగా దెబ్బతినాలి, ఎత్తును బట్టి వరుస కట్టకూడదు. ఎత్తు తక్కువైన కొద్దీ నష్టం పెరిగిందంటే అడుగున నిలిచే నీటి పొరను అనుమానించాలి.

ఏ పాత్రలోనైనా నీరు కారడం ఆగిపోయాక, అడుగున కొంత ఎత్తు వరకు మట్టి పూర్తిగా తడిసే ఉండిపోతుంది. రేణువుల మధ్య ఉన్న సన్నని సందులు నీటిని పట్టి ఉంచే శక్తి, ఆ నీటిని కిందికి లాగే బరువుకు సమానమయ్యే చోట ఈ పొర ముగుస్తుంది. దాని ఎత్తు సందుల వెడల్పును బట్టి ఉంటుంది, కుండీ పొడవును బట్టి కాదు. ఒక మిల్లీమీటరు వెడల్పు గల సన్నని గొట్టం నీటిని దాదాపు 3 సెంటీమీటర్ల ఎత్తు వరకు నిలపగలదు, 0.3 మిల్లీమీటర్ల గొట్టం దాదాపు 10 సెంటీమీటర్ల వరకు నిలుపుతుంది. మట్టిలోని సందులు నిటారు గొట్టాలు కావు గానీ సూత్రం అదే. ఒక మిశ్రమంలో ఈ తడి పొర 9 సెంటీమీటర్లు ఉందనుకుంటే, 45 సెంటీమీటర్ల డ్రమ్ములో అది ఐదో వంతు మాత్రమే, 15 సెంటీమీటర్ల ట్రేలో ఐదింట మూడు వంతులు. ట్రేలోని మొక్క వేళ్లు పోవడానికి చోటే లేదు.

మరి గులకరాళ్ల సంగతి? ఒక మందారాన్ని కుండీలోంచి జాగ్రత్తగా బయటికి తీశాం. మట్టిగడ్డ పైభాగంలో వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కిందికి వెళ్లే కొద్దీ గోధుమరంగు, ఇంకా కిందికి నలుపు. నల్లటి వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పై తొడుగు జారిపోయి లోపలి దారం మాత్రం చేతిలో మిగిలింది. గులకరాళ్ల పొర చేతికి తడి తగిలేంత మాత్రమే తేమగా ఉంది, దానికి ఆనుకుని ఉన్న మట్టిని పిడికిట పట్టి నొక్కితే నీళ్లు కారాయి. ఒక్క వేరు కూడా రాళ్లలోకి దిగలేదు. సన్నని సందుల్లో ఉన్న నీరు, అడుగు మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా, పెద్ద సందుల్లోకి దూకదు. అంటే రాళ్లు తడి పొరను తగ్గించలేదు, దాన్ని అలాగే పైకి ఎత్తాయి. 30 సెంటీమీటర్ల కుండీలో 8 సెంటీమీటర్లు రాళ్లకు పోయాక, మిగిలిన 22 లో మళ్లీ అదే మందం తడి పొర నిలిచింది. రాళ్ల వల్ల కుండీ నిజానికి పొట్టిదైంది.

ఈ మాట చెప్పగానే ఆమె ఒప్పుకోలేదు, ఏళ్లుగా అందరూ చేస్తున్న పని అది. అందుకని ఒక పొడవాటి స్పాంజిని నీళ్లలో ముంచి, అడ్డంగా పట్టుకుని, చుక్కలు ఆగేదాకా చూశాం. తర్వాత అదే స్పాంజిని నిలువుగా తిప్పాం. మళ్లీ నీరు ధారగా కారింది. స్పాంజి మారలేదు, దాని ఎత్తు మాత్రమే మారింది. ట్రేకూ డ్రమ్ముకూ మధ్య తేడా అదే.

ఆ తర్వాత కొలత తీశాం. ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, కొత్త మిశ్రమం కొనే ముందు చేసి తీరాలని నా అభిప్రాయం. కుండీ రంధ్రాలను టేపుతో మూసి, ఒక గుర్తు దాకా నీరు నింపి అది ఎన్ని లీటర్లో కొలవాలి. నీరు పారబోసి, అదే గుర్తు దాకా మిశ్రమం నింపి, పూర్తిగా నానేదాకా నెమ్మదిగా నీరు పోయాలి. పైన నీరు మెరిసే దశ వచ్చాక టేపు తీసి, కారిన నీటిని ఒక పళ్లెంలో పట్టాలి. కారిన నీరు ఎంతో, మట్టిలోకి అంత గాలి చేరినట్లు. ఆమె మిశ్రమం 10 లీటర్లకు 400 మిల్లీలీటర్లే విడిచింది, అంటే 4 శాతం. కుండీ మిశ్రమాల్లో సాధారణంగా 10 నుంచి 20 శాతం దాకా గాలి ఉండాలని కోరుకుంటాం, నిమ్మ వంటి చెట్టు జాతులకు ఇంకాస్త ఎక్కువున్నా మంచిదే. ఈ కొలత పాత్ర ఎత్తును బట్టి మారుతుంది కాబట్టి, మొక్క పెట్టబోయే పాత్రలోనే తీయాలి.

తక్షణ చికిత్స

మిశ్రమం మార్చేలోగా ఉన్న మొక్కలను నిలబెట్టాలి. పొడి ఎండ ఉన్న రోజుల్లో బలహీనమైన మొక్కలన్నింటినీ ఒకేసారి పెకలించడం ప్రమాదం, కాబట్టి అప్పటికి నీటి పొరను మాత్రం తగ్గించే మార్గం ఎంచుకున్నాం. అల్లిన నైలాన్ తాడు ముక్కను ఒక రంధ్రం గుండా మట్టిలోకి దూర్చి, రెండో కొసను కుండీ అడుగుకు కింద వేలాడదీశాం. కుండీలను ఇటుకల మీదికి ఎత్తాం. మామూలుగా కారడం ఆగిపోయిన తర్వాత కూడా ఆ తాడు కొస నుంచి చుక్క చుక్కగా నీరు పడుతూనే ఉంది. తాడు మట్టిలోని సన్నని సందులకు కొనసాగింపుగా పనిచేసి, నీటి స్తంభాన్ని కిందికి పొడిగిస్తుంది. కుండీ ఎత్తు పెంచినంత ఫలితం వస్తుంది. నూలు తాడు తడిలో కుళ్లిపోతుంది గనుక వాడలేదు. చిన్న కుండీలను మాత్రం నీరు పోశాక కాసేపు ఒక అంచు మీదికి వాల్చి ఉంచమన్నాను, అప్పుడు తడి పొర ఒక మూలకు చేరి దాని పరిమాణం తగ్గుతుంది.

శిలీంద్రనాశిని మందు పోద్దామా అని ఆమె అడిగారు. వద్దన్నాను. వేరు కుళ్లుకు కారణమయ్యే జీవులు గాలి లేని తడిలో విజృంభిస్తాయి, ఆ తడి ఉన్నంతకాలం మందు ప్రభావం నిలవదు. పైగా మందును నీళ్లలో కలిపి పోయడమంటే నిండిన కుండీలో మరికొంత నీరు పోయడమే.

మిశ్రమం ఎంపిక: విఫలమైనది, ఫలించినది

చేతిలో ఉన్న మట్టిని బాగుచేసుకోగలిగితే అంతకంటే సులువు లేదు కాబట్టి, ముందు పాత మిశ్రమంలో ఐదో వంతు పెర్లైట్ (వేడితో ఉబ్బించిన తేలికైన తెల్లటి రాతి గింజలు) కలిపి కొలిచాం. గాలి 5 శాతం దాటలేదు. సగానికి సగం కలిపినప్పుడు కొంత మెరుగైంది గానీ, తడి పొర ఎత్తు పెద్దగా తగ్గలేదు. దీనికి కారణం అర్థం చేసుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. పెర్లైట్ గింజలు దూరదూరంగా ఉన్నప్పుడు ప్రతి గింజ చుట్టూ సన్నని మట్టే ఉంటుంది, నీరు ఆ సన్నని మట్టిలోనే నిలుస్తుంది. పెద్ద గింజలు ఒకదానికొకటి ఆనుకుని, వాటి మధ్య ఖాళీలు ఖాళీలుగానే మిగిలితే తప్ప గాలికి దారి ఏర్పడదు. మట్టిలో కొంచెం పెర్లైట్ వేయడం, పెర్లైట్ వంటి ముతక పదార్థంలో కొంచెం మెత్తటిది వేయడం రెండూ ఒకటి కావు.

అందుకే మిశ్రమాన్ని తలకిందులు చేశాం. తోటమట్టిని పూర్తిగా మానేశాం. 3 నుంచి 10 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉన్న, కంపోస్టు చేసిన పైన్ బెరడు ఐదు పాళ్లు, జల్లెడ పట్టిన కోకోపీట్ ఒక పాలు, ముతక పెర్లైట్ ఒక పాలు తీసుకున్నాం. బెరడునూ పెర్లైట్‌నూ కూడా జల్లెడ పట్టి దుమ్ము తీసేశాం, ఎందుకంటే సంచి అడుగున చేరే ఆ పొడే మళ్లీ ఖాళీలను పూడ్చేస్తుంది. పెర్లైట్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముందే తడిపి, మాస్కు పెట్టుకుని పని చేయాలి. పచ్చి బెరడు వాడలేదు, అది చివికేటప్పుడు సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటాయి. ఈ మిశ్రమం 30 సెంటీమీటర్ల కుండీలో 24 శాతం గాలిని ఇచ్చింది.

అన్ని పాత్రలకూ ఇదే నింపలేదు. డ్రమ్ములు ఎత్తైనవి కాబట్టి వాటిలో పైభాగం తొందరగా ఎండుతుంది. అక్కడ కోకోపీట్ పాలు కొంత పెంచాం. ట్రేలను మాత్రం వదిలేయమన్నాను. 15 సెంటీమీటర్ల లోతులో తడి పొరను తట్టుకునేంత ముతక మిశ్రమం వేస్తే, గింజ మొలిచే పైపొరలో తేమ నిలవదు. వాటి స్థానంలో 25 సెంటీమీటర్ల లోతున్న తొట్లు పెట్టారు. గులకరాళ్లు ఏ పాత్రలోనూ వేయలేదు, మిశ్రమం జారిపోకుండా రంధ్రాలపై చిన్న వల ముక్క మాత్రం ఉంచాం.

మార్పిడిలో అన్నింటికంటే జాగ్రత్త అవసరమైంది వేళ్ల చుట్టూ ఉన్న పాత మట్టిగడ్డతో. బాగా నీరసించిన రెండు మందారాలను వేళ్లు కదిలితే తట్టుకోలేవని భావించి, గడ్డను అలాగే ఉంచి చుట్టూ కొత్త మిశ్రమం నింపాం. మిగతావాటికి కుళ్లిన వేళ్లు కత్తిరించి, నీటి ధారతో పాత మట్టిని చాలావరకు కడిగేశాం. కొన్ని వారాల్లో తేడా స్పష్టమైంది. కడిగి నాటినవి చిగురించాయి. గడ్డతో నాటిన రెండింటిలో చుట్టూ ఉన్న మిశ్రమం ఎండిపోతుండగా మధ్యలోని గడ్డ తడిగానే ఉండిపోయింది. మళ్లీ గులకరాళ్ల సూత్రమే: మెత్తటి గడ్డలోని నీరు చుట్టూ ఉన్న ముతక మిశ్రమంలోకి రాదు. వాటిని మళ్లీ తవ్వకుండా, గడ్డలో పుల్లతో అడుగు దాకా నిలువుగా రంధ్రాలు చేసి కొత్త మిశ్రమాన్ని కూరాం, గడ్డ అడుగుకు తగిలేలా తాడు పెట్టాం. వాటిలో ఒకటి కోలుకుంది, రెండోది కోలుకోలేదు.

ఆకులు రాలిన కొమ్మలను కత్తిరించాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఎండిన పుల్లలు మాత్రమే తీశాం. కొత్త వేళ్లకు కావలసిన ఆహారం ఆకుల్లోనే తయారవుతుంది, పచ్చగా మిగిలిన ప్రతి ఆకూ ఆ దశలో విలువైనదే. నీడనిచ్చే వల కింద ఉంచి ఆకుల నుంచి నీటి నష్టం తగ్గించాం.

మార్పు తర్వాత

కొత్త వేళ్లు నిలదొక్కుకున్నాక మధ్యాహ్నపు వాలుడు ఆగింది, ఈగలు తగ్గాయి. ఆ తర్వాత మళ్లీ ఆకులు పసుపెక్కుతున్నాయని ఆమె ఆందోళనగా చెప్పారు. ఈసారి లక్షణం వేరు. కుండీ తేలికగా ఉంది, తీసి చూస్తే వేళ్లు అంచుల దాకా తెల్లగా ఉన్నాయి, పాత ఆకులు అంతటా ఒకేలా పాలిపోయి, కొత్తవి పచ్చగా ఉన్నాయి. అది నత్రజని లోపం. గాలి ఆడే మిశ్రమం పోషకాలను పెద్దగా పట్టి ఉంచదు, నీరు ఎక్కువసార్లు పోయాల్సి వస్తుంది, పోసిన ప్రతిసారీ కొంత ఎరువు కొట్టుకుపోతుంది. పలుచటి ద్రవ ఎరువును తరచుగా ఇచ్చే పద్ధతికి మారడంతో అది సర్దుకుంది. ఈ మిశ్రమాన్ని సూచించేటప్పుడు ఎరువు, నీరు ఇచ్చే తీరు కూడా మారాలని ముందే చెప్పాలి. రోజూ చూసుకునే తీరిక లేనివారికి నేను ఇంత ముతక మిశ్రమం సూచించను, కోకోపీట్ పెంచి, పాత్ర ఎత్తు పెంచమంటాను.

ఈ కేసు నుంచి నేను ఇప్పుడు ప్రతిచోటా అడిగే ప్రశ్నలు కొన్ని మారాయి. రంధ్రాలున్నాయా అన్న ప్రశ్నకంటే ముందు పాత్ర ఎత్తెంత, మిశ్రమంలో అతి సన్నని పదార్థం ఏది, దాని పాలెంత అని అడుగుతున్నాను. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఏ మట్టిలో పెరిగిందో చూడకుండా కొత్త మిశ్రమంలో నాటవద్దని చెబుతున్నాను.

బెరడు కూడా కాలంతో చివికి సన్నబడుతుంది. ఏడాది తర్వాత కుండీల్లో మట్టం రెండు మూడు వేళ్ల మేర దిగింది. అలా దిగినప్పుడు పైన కొత్తది పోసి కాండాన్ని పూడ్చేయడం సరికాదు. కుండీ పరీక్ష మళ్లీ చేసి, గాలి 10 శాతానికి దగ్గర పడితే మొక్కను తీసి మిశ్రమం మార్చాలి. మందారాలకు అలాగే చేశాం. డ్రమ్ముల్లో ఒక నిమ్మ మాత్రం ఎత్తి తీయలేనంత పెరిగింది. దాని అడుగున నైలాన్ తాడు శాశ్వతంగా ఉంచేశాం, ఏటా వేళ్ల గడ్డలో ఒక వైపు నుంచి ముక్కలా కోసి ఆ భాగంలో కొత్త మిశ్రమం నింపుతున్నారు.